మేడ మీది నక్షత్రం

ఆ… హలో, నేనే. కెమిగిషానే. ఇప్పటికి ఎత్తావు!

…

ఇన్‌స్టిట్యూట్‌లోనే. మేడ మీద, మన రేడియో టెలిస్కోప్ డిష్ పక్కన. నువ్వు? … హాల్లోకి వెళ్ళిపోయావా? మంత్రిగారు వచ్చేశారా?

… ఒజోక్, కొంచెం పక్కకి రా. ఎవరూ లేని చోటికి.

— వచ్చావా? విను. నువ్విప్పుడు ప్రకటించబోయే కొత్త నక్షత్రం… లేదు.

… లేదంటే లేదు. అది ప్రొఫెసర్‌గారు పెట్టిందే. మన ముజే, మన పెద్దాయన.

… తాగలేదు. అక్కడ హాల్లో తెర మీద చూపించాలన్నావని తీగలు సరిచూద్దామని పైకొచ్చాను. నీళ్ళ ట్యాంకు వెనక చిన్న పెట్టె. దొంగ సిగ్నల్ పంపేది. మనల్ని పరీక్షించడానికి ఎప్పుడూ పెట్టేవారుగా… అదే. ఆపాను, నక్షత్రం పోయింది. వేశాను, వచ్చింది. మళ్ళీ ఆపేశాను.

… అవును, ప్రతిసారీ చెప్పేవారు. లోకానికి చెప్పే ముందు అందర్నీ గదిలో కూర్చోబెట్టి, టీ పోయించి, "ఇది నాది" అనో, "ఇది ఆకాశానిది" అనో. ఈసారి ఆ టీకి ముందే మంచాన పడ్డారు కదా. ఆసుపత్రి మంచం దగ్గర "ఇది మీదా?" అని నువ్వే అడిగావు. నవ్వారు. ఆకాశానిదే అనుకున్నాం.

… మాట పడిపోయిన మనిషి, ఒజోక్. నవ్వక ఏం చేస్తారు?

… లేదు, ఏడవట్లేదు. అరటితోటలో ఆయన మీద మట్టి వేసినప్పుడూ ఏడుపు రాలేదు. ఇప్పుడూ రావట్లేదు.

— ఏంటి? మళ్ళీ వెయ్యాలా? … ఎందుకు? కొత్త సూటు కుట్టించుకున్నావనా?

… మంత్రిగారు వెళ్ళాక చెబుదామా? రేపో మాపో ఇంకో దేశంవాళ్ళు వాళ్ళ డిష్ అటు తిప్పుతారు. అక్కడ ఏమీ ఉండదు. మన పేరూ పోతుంది, ఆయన పేరూ పోతుంది.

… ఇప్పుడు నన్ను "అక్కా" అనకు.

— పిలుస్తున్నారు. నీ పేరే. వెళ్ళు. పొరపాటైందని రెండు ముక్కలు చెప్పి దిగిపో. … ఫోన్ పెట్టెయ్యకు, జేబులో పడేసుకో. వింటాను.

…

…

చప్పట్లు దేనికి?

… ఒజోక్? … ఏం పేరు పెడుతున్నావు? … ముజే పేరా? ఆ నక్షత్రానికా?

…

సరే.

… నీకు వినపడదులే. నేను పెట్టేస్తున్నాను. ఆ హాల్లోనే ఉన్న పత్రిక విలేకరి నంబరు నా దగ్గరుంది.