చచ్చిన తీగ

కైరోలో ఒక పాత మేడ. టైల్సు ఊడదీసిన స్నానాలగది గోడలోంచి తీగ ఒకటి వేలాడుతోంది. ఎలక్ట్రీషియన్ దాని కొసకు టేపు చుట్టాడు. గుమ్మంలో కుర్చీ వేసుకున్న ముసలామెకు ఆ టేపు నచ్చలేదు.

“ఉస్తా, ఆ తీగ చచ్చిందా? కరెంటు రాదుగా?” అంది, మేస్త్రీని పిలిచే మర్యాదతో.

“ఇన్షా అల్లా చచ్చింది, హాజ్జా,” అన్నాడు అతను, హజ్ చేసొచ్చిన పెద్దావిడకిచ్చే మర్యాదతో.

“చచ్చినదానికి ఇన్షా అల్లా ఏమిటయ్యా? దేవుడి దయుంటే అని, జరగబోయేదానికి అనే మాట అది.”

“పాత గీజరు తీగ. గీజరే లేనప్పుడు దీంతో పనేముంది? పైన టైలు అతికిస్తే ఇక కనబడదు.”

“కనబడదనే నా భయం. రేపు తడిచేత్తో ఆ గోడ పట్టుకునేది కడుపుతో ఉన్న నా కోడలు. టెస్టరు పెట్టు.”

“మీ ఇంటి మెయిను నేనే ఆపాను. అనుమానం పెనుభూతం, హాజ్జా.”

“ఆ భూతమే నన్ను ఇన్నేళ్లూ కాపాడింది. పెట్టు.”

అతను నవ్వుతూనే టేపు విప్పి టెస్టరు ఆనించాడు. టెస్టరు వెలిగింది. అతని నవ్వు ఆరిపోయింది.

“ఇక్కడ మెయిను ఆపినా కరెంటుందంటే, ఇది పైనుంచి వస్తోంది. పై ఇంట్లో ఎవరుంటారు?”

“మా మరిది. అప్పట్లో రెండిళ్లకీ ఒకటే గీజరు.”

“ఆ ముక్క ముందే చెప్పకూడదూ?”

“నువ్వు అడిగావా?”

అతను మెట్లెక్కాడు. పైన కూడా మెయిను ఆపించి, తీగను అక్కడ ఊడదీసి, కిందికొచ్చి గోడలోంచి మొత్తం లాగేశాడు.

“ఇప్పుడు చచ్చిందా?”

“చచ్చింది.”

“ఇన్షా అల్లా అనలేదేం?”

“రెండు కొసలూ నా చేతిలోనే ఉన్నాయి, హాజ్జా.”