ఫ్లాపీకి బొట్టు

నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ, కంప్యూటర్ గది. 1988, దసరా సెలవులయ్యాక కాలేజీ తెరిచిన రోజు, మధ్యాహ్నం. స్టాటిస్టిక్స్ లెక్చరర్ శేషారత్నం, కంప్యూటర్ చూసుకునే సుభానీ.

"ఇంకోటి పెట్టి చూడు సుభానీ."

"ఇది ఎనిమిదోది మేడం."

"అయితే తొమ్మిదోది పెట్టు."

"పెట్టా. ఇనపడతందిగా ఆ కరకర. మిషను చదవట్లా."

"రెండో సెట్టు తియ్. నువ్వు అన్నీ రెండేసి చేశావుగా? ఒకటి పోయినా ఇంకోటి ఉంటదని నువ్వేగా అంది?"

"ఏడో నంబరు నించీ రెండో సెట్టే మేడం."

"రెండూనా?"

"రెండూ. మొత్తం పన్నెండు ఫ్లాపీలు. మిషన్లో దాచటానికి వేరే చోటు లేదుగా."

"ఏమయింది వీటికి? సెలవులకు మాచర్ల పోయేముందు నీ పక్కన కూర్చునే కదా చూశా. అన్నీ శుభ్రంగా వచ్చినయ్యి."

"వచ్చినయ్యి. ఇదుగో, ఇటు తిప్పి చూడండి. ఈ నల్ల అట్టలో పొడుగ్గా ఒక కిటికీ ఉందే, లోపల బిళ్ళ కనపడతందే, అక్కడ్నించే మిషను చదివేది."

"ఎర్రగా ఏంది అది?"

"కుంకం."

"కుంకమా? ప్రిన్సిపాల్ గారు కుంకం పడిందంటే పైన అట్టకేలే అనుకున్నా."

"ఆయుధ పూజ మేడం. సెలవులిచ్చిన రోజు ఈ గదిలో చేశారు. మీరు ముందురోజే బస్సెక్కారు."

"తుడిచెయ్యి మరి. కుంకమేగా."

"తుడిచా. నూనెలో కలిపిన కుంకం. తుడిచే కొద్దీ లోపలికి పాకింది. స్పిరిట్టు పెట్టి రుద్దితే పూతే లేచొచ్చింది."

"గుంటూరులో బాగుచేసేవాళ్ళు ఎవరన్నా ఉంటారేమో. నువ్వు కోర్సు చేసినచోట అడుగు."

"పొద్దున్నే ట్రంకు కాల్ చేశా. పూత పోయాక ఎవరూ ఏం చెయ్యలేరన్నారు."

"సుభానీ, పదకొండొందల నలభై ఇళ్ళ లెక్కలవి. ఆరేళ్ళు తిరిగా. ఈపూరు పక్క ఎండకు కాళ్ళు బొబ్బలెక్కితే గోనెపట్టా చుట్టుకుని తిరిగా. కాలేజీలో ఆడదానికి డాక్టరేటేందని నవ్వినోళ్ళ మధ్య తిరిగా."

"నాకు తెలవదా మేడం. ఎనిమిది నెలలు కంప్యూటర్లోకి కొట్టింది నేనేగా. పిల్లకాయల ప్రోగ్రాములు చూసి, తప్పులు దిద్ది, వాళ్ళను పంపించాక మీరు రాసుకొచ్చిన ఫారాలు ముందేసుకునేవాణ్ణి. ఈపూరు ధనమ్మ, రెండెకరాల పత్తి, బోరు లేదు, ఇంట్లో ఏడుగురు. సత్తెనపల్లి దగ్గర బుల్లెమ్మ, ఎకరన్నర మిరప, మొగుడు లేడు."

"అట్టా ఎన్ని గుర్తున్నాయి?"

"పది. మహా అయితే పన్నెండు."

"ఫారాలన్నా ఉంటే మళ్ళీ కొట్టించేదాన్ని."

"లేవా మేడం?"

"వేసవిలో పాతకాయితాల వాడికి వేశా. ఇంట్లో చెదలు పడుతున్నాయని మా ఆయన ఒకటే గోల. కంప్యూటర్లోకి ఎక్కినయ్యిగా, ఇంకెందుకులే అనుకున్నా. ఏ పకోడీల కొట్లో పొట్లాలై పోయినయ్యో."

"నన్ను ఒక్కమాట అడగాల్సింది."

"అడిగా. రెండు సెట్లున్నాయి, దిగుల్లేదన్నావు."

"అన్నా. అవును, అన్నా."

"ఎవరది, తలుపు కొట్టేది?"

"బీకాం పిల్లకాయలు మేడం. మూడింటినించీ వాళ్ళ టైము. పది మందికి ఒకటే మిషను, అందుకే ఆత్రం. ఉండండి, రేపు రమ్మని చెప్పొస్తా."

"చెప్పొచ్చావా? తలుపు గడి పెట్టు. సరే, అయిందేదో అయింది. ఇది చూడు. ప్రిన్సిపాల్ గారి దగ్గర్నించే వస్తన్నా. డిసెంబరుతో నా డాక్టరేటు గడువు అయిపోతంది. ఫలానా మనిషి వల్ల పోయినయ్యని కాలేజీ వాళ్ళు తేల్చి రాసిస్తే యూనివర్సిటీ ఇంకో రెండేళ్ళు ఇచ్చిద్దట. ఊరికే పోయినయ్యంటే ఇయ్యరు. పేరు కావాలి. నాలుగింటికి కరస్పాండెంట్ గారు వస్తన్నారు. ఈలోపు దీనిమీద నువ్వు సాక్షి సంతకం పెట్టు."

"ఏం కాయితం మేడం?"

"నువ్వు చదవక్కర్లా, నేను చెప్తన్నాగా. ఇశ్రాయేలు చేశాడని."

"ఇశ్రాయేలన్నా?"

"అటెండరు కదా, గది ఊడ్చేది వాడేగా. కుంకం గిన్నె వాడి చేతిలోనే ఉందని హెడ్ గుమస్తా వెంకట్రామయ్యగారు చెప్పారు. చర్చికి పోయేవాడికి ఏది ఏడ పెట్టాలో ఏం తెలుసు. కానీ, పెట్టు."

"చదివి పెడతా మేడం."

"నీ పర్మనెంట్ ఆర్డరు కూడా కరస్పాండెంట్ గారి బల్ల మీదే ఉందట. రెండూ ఈ పూటే తేలిపోతయ్యన్నారు ప్రిన్సిపాల్ గారు. నేనే అడిగా నీకోసం. కంప్యూటర్ పనంతా చేస్తా అటెండరు జీతం తీసుకుంటన్నావు, ఎన్నాళ్ళని."

"ఇశ్రాయేలన్న రిటైరవడానికి ఇంకా రెండేళ్ళే ఉంది మేడం."

"నాకు రెండు నెలలే ఉంది."

"ఆయన గిన్నె పట్టుకున్నాడు. పట్టుకోమన్నారు, పట్టుకున్నాడు. అంతే."

"మరి పెట్టిందెవరు?"

"చానామంది ఉన్నారు ఆరోజు."

"ఎవరెవరు?"

"కరస్పాండెంట్ గారు, ప్రిన్సిపాల్ గారు, ఆఫీసు వాళ్ళు, ఫిజిక్స్ వాళ్ళు."

"ఉన్నోళ్ళ పేర్లు కాదు నేనడిగేది. పెట్టినోడి పేరు."

"మీరు చీటీ పంపారుగా మేడం."

"ఏం చీటీ?"

"బస్సెక్కే ముందు, ఇశ్రాయేలన్న చేత. సుభానీ, నా ఫ్లాపీలు కూడా పూజలో పెట్టించు, డిసెంబర్లో ఒడ్డున పడాలి అని రాశారు."

"పూజలో పెట్టించమన్నా. పెట్టెలో పెట్టి పక్కన ఉంచుతావనుకున్నా. కుంకం పూయమన్నానా?"

"పెట్టెలతోనే పెట్టా నేను. రెండు పెట్టెలూ పీట మీద పెట్టా. మూసిపెట్టినదానికి పూజేందని వెంకట్రామయ్యగారు మూతలు తీయించారు. కవర్లు తీసి వరసగా పేర్చమన్నారు."

"నువ్వు?"

"పేర్చా."

"రెండో సెట్టన్నా వెనక్కి తీసుకోవచ్చుగా."

"సగానికి చేసి సగానికి చెయ్యకపోతే ఎట్టా అన్నారు."

"అయితే బొట్లు పెట్టింది వెంకట్రామయ్యగారేనా?"

"ఆయన చేత్తో కాదు."

"సుభానీ, నన్ను చుట్టూ తిప్పమాక. నీకు తెలుసు. ఎవర్నో కాస్తన్నావు. వాడు నా ఆరేళ్ళూ బూడిద చేశాడు, నువ్వు వాణ్ణి కాస్తన్నావు."

"నేనెవర్నీ కాయట్లా మేడం."

"మరి చెప్పవేం? ఎవరు?"

"నేనే."

"ఏంది నువ్వే?"

"నేనే పెట్టా. పన్నెండింటికీ."

"ఆ కిటికీ మీదనా?"

"కిటికీ మీదే. ముందు అట్ట మీద పెట్టబోయా. అట్టకు బొట్టేందయ్యా, పనిచేసేది ఏదో దానికి పెట్టు అన్నారు వెంకట్రామయ్యగారు. పనిచేసేది అదే మేడం."

"ఆయనకు తెలవదు సుభానీ. వాళ్ళెవరికీ తెలవదు. ఈ కాలేజీ మొత్తానికి నీకొక్కడికే తెలుసు. దుమ్ము పడితేనే పోయిద్దని నాచేత చెప్పులు బయట విడిపించేవాడివి. చీర కొంగు తగలనిచ్చేవాడివి కాదు."

"అవును."

"తెలిసి పెట్టావు."

"తెలిసే."

"ఎందుకు? మీ ఇళ్ళల్లో చెయ్యరనా? పూజంటే మంటా?"

"మా నాయన ఇమాం సాహెబ్‌కు గుంటూరు రోడ్డులో లేతు మిషనుంది మేడం. చిన్నప్పట్నించీ ఏటా దసరాకు దానికి బొట్లు పెట్టేది నేనే, నిమ్మకాయలు కోసేది నేనే. ఇనుముకు కుంకం పడితే ఏం కాదు. నాకు పూజతో పేచీ ఏముంది."

"మరి ఒక్క మాట అంటే అయిపోయేదిగా. వద్దండీ, పోతయ్యండీ అని. ఒక్క మాట. నోరు పడిపోయిందా నీకు?"

"పోయినేడు అన్నా."

"పోయినేడా?"

"కంప్యూటర్ మీద కొబ్బరికాయ కొట్టబోతే వద్దన్నా. నీళ్ళు పడితే మిషను కాలిపోయిద్దని చెప్పి గుమ్మం బయట కొట్టించా. బొట్టు కూడా బల్లకే పెట్టించా."

"విన్నా. మంచి పనే చేశావు."

"మర్నాడే కరస్పాండెంట్ గారికి కాయితం పోయింది. సాయిబు పూజకు అడ్డం పడ్డాడు, కాలేజీ ఆచారాన్ని అవమానించాడు, ఇట్టాంటి వాణ్ణి పర్మనెంటు చెయ్యగూడదని. నా ఆర్డరు ఆపేశారు. మెమో ఇచ్చారు. ఇకముందు కాలేజీలో జరిగే కార్యక్రమాలకు ఏ కారణం చేతనూ అడ్డు చెప్పరాదు. ఏ కారణం చేతనూ అనే ఉంది మేడం, మీక్కావాలంటే చూపిస్తా. ఏడాది నించీ చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతన్నా."

"అయితే కసి తీర్చుకున్నావన్నమాట. వాళ్ళ మీద కోపం నా లెక్కల మీద చూపించావు."

"మొదటి బొట్టు పెట్టేటప్పుడు భయమే మేడం. వెంకట్రామయ్యగారు అందరికీ వినపడేట్టు, చూశారా, ఈ ఏడు మనోడు దారికొచ్చాడు అన్నారు. అందరూ నవ్వారు. కరస్పాండెంట్ గారు భుజం తట్టారు. ఆ తర్వాతవి భయమో, కోపమో నాకే తెలవదు. పెట్టుకుంటా పోయా. మీ లెక్కలని తెలుసు. ధనమ్మ ఉన్న ఫ్లాపీ ఏదో కూడా తెలుసు. ఆ రోజు ఇంటికి పోయి అన్నం ముట్టలా."

"నువ్వు అన్నం మానేస్తే నా లెక్కలు తిరిగొస్తయ్యా?"

"రావు."

"ప్రిన్సిపాల్ గారు కూడా అక్కడే ఉండి, నీచేత పెట్టిస్తంటే చూసి, నాకు మాత్రం ఇశ్రాయేలని చెప్పారా?"

"కరస్పాండెంట్ గారు భుజం తట్టినోడి పేరు ఎట్టా చెప్తారు మేడం? నా పేరు చెప్తే ఎవరు పెట్టించారని అడుగుతారు. ఇశ్రాయేలన్న పేరు చెప్తే ఎవరూ ఏమీ అడగరు."

"వెంకట్రామయ్య పేరు రాస్తే?"

"రాస్తారా?"

"కరస్పాండెంట్ గారి బావమరిది ఆయన."

"తెలుసు మేడం. అందుకే అడిగా, రాస్తారా అని."

"అసలు ఎవడు రాశాడా దిక్కుమాలిన కాయితం? మిషను కాపాడదామని చెప్పినోడి మీద ఫిర్యాదా? దాని మీద సంతకాలు పెట్టినోళ్ళకన్నా బుద్ధుండొద్దా? ఆ రోజు వాళ్ళు అట్టా చెయ్యకపోతే ఈ రోజు నువ్వు నోరు తెరిచేవాడివి. నా లెక్కలు నాకుండేవి."

"ఉండేవి."

"ఎంతమంది పెట్టారు?"

"పద్నాలుగు మంది. మెమోతో పాటు నకలిచ్చారు. ఈ జేబులోనే ఉంది."

"ఏదీ, ఇటియ్యి. ఒక్కొక్కణ్ణీ నేనే అడుగుతా."

"మడతల్లో చిరిగింది, జాగర్త. పైనించి మూడోది చూడండి."

"ఇది నా సంతకమే."

"మీదే మేడం."

"సుభానీ, స్టాఫ్ రూములో టీ తాగుతుంటే ఎవరో తెచ్చి ముందు పెట్టారు. పండగ చందా కాయితమేమో అనుకున్నా. అందరూ పెడుతున్నారని పెట్టా. నీ మీదని నాకు తెలవదు. నిజంగా చదవలా నేను."

"నేనూ అదే అనుకున్నా. చదివుంటే మేడం పెట్టరులే అని ఏడాది నించీ అనుకుంటానే ఉన్నా. అట్టా అనుకునే మీ ఫారాలు కొట్టా."

"ఇప్పుడు నేనేం చెయ్యాలి? చెప్పు. మూడున్నరయింది. ఏం రాయాలి నేను?"

"ఇశ్రాయేలన్న పేరు కొట్టేయండి."

"కొట్టేసి?"

"నా పేరు రాయండి మేడం. ఈసారన్నా చదివి సంతకం పెట్టండి."