అడుగుల చప్పుడు

యుద్ధంలో గాయపడిన సైనికుల ఇంటివాళ్లకు పెట్టిన శిక్షణ తరగతి ముగిసింది. అందరూ వెళ్లిపోయినా, ఒకామె మెడ చుట్టూ కొంగు కప్పుకుని నర్సు దగ్గర ఆగింది.

"సిస్టర్, నిన్న దుప్పటి కప్పబోతే మా ఆయన నిద్రలోనే నా గొంతు పట్టుకున్నారు. మెలకువ వచ్చాక నా మెడ చూసి ఏడ్చారు."

"దగ్గరికి ఎలా వెళ్లారమ్మా?"

"పిల్లిలా, అడుగులో అడుగేసుకుంటూ. ఇంట్లో అందరం అంతే. తలుపులు కిర్రుమనకుండా నూనె కూడా రాశాం."

"అదే వద్దు. అక్కడ, యుద్ధంలో, చప్పుడు లేకుండా వచ్చినవాడు చంపడానికే వచ్చేవాడు. గుమ్మంలోంచే మాట్లాడుతూ వెళ్లాలి. పూర్తిగా మేలుకునేదాకా ముట్టుకోకూడదు."

"ఇన్నాళ్లూ అంతా తిరగేసి చేశామన్నమాట."

"ఇప్పుడు ఆయన దగ్గర ఎవరున్నారు?"

"మా అత్తయ్య. మాత్ర వేసుకుని పడుకున్నారాయన. నాలుగింటికి ఆవిడ వెళ్లి నుదురు నిమిరి లేపుతారు. కన్నతల్లి చెయ్యి, నన్నేం చేస్తాడే అంటారు."

నర్సు గడియారం చూసింది. "ఐదు నిమిషాలే ఉంది. ఫోన్ చెయ్యండి."

"చేస్తూనే ఉన్నాను సిస్టర్," అందామె, మూడోసారి నంబరు నొక్కుతూ.

"ఎత్తడం లేదా?"

"ఎత్తరు. మోత వింటే ఆయన ఉలిక్కిపడతారని, పొద్దున అత్తయ్య ఫోన్ సైలెంట్‌లో పెట్టి వచ్చింది నేనే."