గొంగడి మీది మాట

పడమటి చెల్క కాడి దిగుడుబాయి ఎరుకేనా మీకు? దానికాడ గొర్లు సుత నీళ్ళు తాగయి, మనుషులైతే పొద్దు వాలినంక ఆ బాటే వట్టరు, ఎందుకు వట్టరో చెప్త ఇనుండ్రి, నడుమ నడుమ అడ్డం రాకుండ్రి.

రజాకార్ల కాలం అది. మా కురుమోళ్ళ బీరయ్య తుపాకి వట్టి దళానికి పెద్ద, ఆయన తమ్ముడు సాయిలు ఊర్లె సంగానికి పెద్ద. అన్న కొట్లాడుడు, తమ్ముడు తీర్పు చెప్పుడు, ఊరంత ఆ ఇద్దరి మాట మీదనే నడిచేది. ఇగ ఒకనాడు గుట్టమీద దళం దాసుకున్న జాగ రజాకార్లకు తెల్సిపోయింది, అయిదుగురు పోరగాండ్లు సచ్చిన్రు. సాయిలుకు కోపం ఆగలె, ఆ బాయి కాడనే గొంగడి పరిచి పంచాయితి వెట్టిండు. మా కురుమోళ్ళల్ల గొంగడి మీద కూసోని అన్న మాట వాపసు రాదు, అందుకే ముందుగాల అందరు చెప్పేది ఇని, ఆఖరుకు తీర్పు చెప్తరు. ఈయనేమో కూసునుడుతోనే, జాగ చెప్పినోడు నా తోడవుట్టినోడైనా సరే బాయిల ఏస్తం అన్నడు. తీర్పు ముందు, అడుగుడు ఎనుక. గట్లుంటదా ఎక్కడన్న?

అప్పుడు బీరయ్య లేసిండు. బుక్కెడు గట్క తెస్తదని నా పెండ్లానికి ఆ జాగ నేనే చెప్పిన, రజాకార్లు మా బిడ్డను మంట మీద వట్టేసరికి తల్లి పేగు ఆగలె, చెప్పింది, తప్పు నాదే అన్నడు.

ఇగ ఒక్కటే తొవ్వ ఉన్నది. గొంగడి మీద కూసున్న నలుగురు పెద్దలు ఒక్కపారి లేస్తే ఆ మాట చెల్లది. సాయిలు ఆ నలుగురి మొకాలు చూసిండట, లేవుండ్రని నోరు తెరిచి అడుగలేడు గద. సచ్చిన పోరగాండ్ల తల్లులు ఎదురుంగనె కూసున్నరు. ఎవ్వరు లేవలె. ఆ నలుగుట్ల మా నాయిన ఒకడు. ఇంకొకడు లేస్తే నేను సుత లేద్దునని సచ్చేదాక అనుకుంటనె ఉండె, మిగిలిన ముగ్గురు సుత గదే అన్నరట. సిగ్గుతోని చెప్తున్న.

బీరయ్య తుపాకి తమ్ముని చేతుల వెట్టి, ఎవ్వరు ముట్టకముందే తనే దుంకిండు. నెల తిరగకముందే సాయిలు సుత అండ్లనే దుంకిండు. గప్పటిసంది పొద్దుగూకంగ బాయిలకెల్లి, అన్నా, మాట వాపసు తీస్కున్న, పైకి రా అని పిలుపు వస్తది. ఇన్నోడు ఎవడన్న ఓ అని పలికిండా, తెల్లారి శవమై తేల్తడు. నా ఎరుకల ముగ్గురు తేలిన్రు.

తమ్ముడున్నోళ్ళు ఆ దిక్కు పోకుండ్రి. లేనోళ్ళు సుత పోకుండ్రి, దానికి గవన్ని ఎరుకలేవు.