ఎవరికీ ఇవ్వని నవ్వు

చప్పుడు రికార్డవుతుందని ఫిలింనగర్‌లోని ఆ చిన్న గదిలో ఏసీ ఆపేశారు. ముప్పై ఏళ్లుగా డబ్బింగ్‌లో హీరోయిన్లకు నవ్వులిచ్చిన పుష్పవల్లి, మొదటిసారి తన పేరుతో మైకు ముందు కూర్చుంది.

"అమ్మా, మన కామెడీ పాడ్‌కాస్ట్ కోసం జర ఒక్కసారి నవ్వుతరా?" అన్నాడు ఎదురుగా ఇంకో మైకు పెట్టుకుని కూర్చున్న పాడ్‌కాస్ట్ కుర్రాడు.

"ఏ నవ్వు బాబూ? సిగ్గుదా, పొగరుదా, ప్రేమలో పడ్డదా?"

"అవన్నీ సినిమాలల్ల విన్నం. మీ సొంతది కావాలె."

ఆమె నోరు తెరిచింది. ఏ నవ్వు నవ్వబోయినా ఎవరో ఒక హీరోయిన్ ముఖమే గుర్తొచ్చింది.

"రావట్లేదు బాబూ. వాడక వాడక ఎక్కడో పారేసుకున్నట్టున్నాను."

"ఫికర్ చెయ్యకుండ్రి. నాకే చెమటలు పడుతున్నయ్," అంటూ అతను చేతికందినదాంతో ముఖం గట్టిగా తుడుచుకున్నాడు.

"అయ్యో, అది రుమాలు కాదు! మైకు తొడుగు!"

అతని ముక్కు మీద నల్లటి స్పాంజి పొట్టు అంటుకుంది. ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. మధ్యలో గురకలాంటి శబ్దం కూడా వచ్చింది. కళ్లు తుడుచుకున్నా ఆగలేదు.

"ఛీ, గురక కూడా పెట్టాను. డబ్బింగ్‌లో అయితే ఇంకో టేక్ అడిగేవారు."

"తీసెయ్యాల్నా అమ్మా?"

"వద్దు, ఉంచు నాన్నా. ఇదొక్కటే నేనెవరికీ ఇవ్వలేదు."