మంచులో దాచినవి

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కిన మేనమామకు, వెనక సీట్లో ఒంటరిగా కూర్చున్న మేనల్లుడు కనిపించాడు.

“ఏమల్లుడా, మొగం యాలాడేసినావ్? పెండ్లాం తన్నిందా?”

“ఆస్పత్రి నుంచి వస్తాండా మామా.”

“పిల్లల కోసమా? మా బర్రె ఒగ సూదికే చూడి కట్టింది. నీకేమాయ రా?”

“మెల్లగా మాట్లాడు మామా. నాకు క్యాన్సర్ మందులు ఎక్కించకముందు వీర్యం తీసి మంచులో దాచినారు. ఈ పొద్దు ఒగ గొట్టం కరగబెట్టి చూస్తే దాంట్లో కణాలు శానా మటుకు సచ్చిపోయినాయంట.”

“బర్రెలకు దాచింది బాగనే పనిచేస్తాదే?”

“వాట్లోనూ శానా సస్తాయంట. కణంలో నీళ్లు గడ్డకట్టి సూదుల మాదిరి అయితే పైపొర సిరిగిపోతాది. కరిగేటప్పుడు ఇంగొన్ని పోతాయి. బతికినవాట్లోనూ తోక ఆడించేవి తక్కువ. ఇంగ ఒగ గొట్టమే మిగిలింది. మా ఆశంతా దాని మీదనే.”

మామ గొంతు తగ్గింది.

“క్యాన్సరా? మాకెవురూ చెప్పల్యా!”

“సిగ్గయి చెప్పల్యా. మొన్న నీ మనవరాలి తొట్టెల దినం, నా పెండ్లాం ఒళ్లో ప్లాస్టిక్ బొమ్మ పెట్టి ‘ఇదన్నా సాకమ్మా’ అంటివి. అందరూ నవ్విరి. నా మర్యాద కోసం సుప్రజ నోరెత్తల్యా. ఇంటికొచ్చినాక అన్నం తినల్యా.”

“నాకు తెలీదప్పా.”

“తెలీదులే మామా.”

“ఇప్పుడే మీ ఇంటికొస్తా. తప్పయిందని ఆ పిల్లకు చెప్పుకుంటా.”

“ఏమని చెప్తావ్?”

“అదే తెలీకుండాది రా. నవ్వించకుండా మాట్లాడేది నేను యాడా నేర్చుకోల్యా.”