ఆరో గేటు నీకే

సబ్బుల ఫ్యాక్టరీకి ఉన్నవి అయిదు గేట్లు. మూడోది లారీలది. ఆ గేటుకు ఎదురుగా, రోడ్డవతల రేకుల కప్పు టీకొట్టు. మధ్యాహ్నం మూడు గంటలకి ఆ టీకొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, తనకి ఆరో గేటు వచ్చిందని చెబుతున్నాడు మూడో గేటు కాపలాదారు.

ఆయన్ని అందరూ బూర అంటారు. ఎదురుగా కాదు, ఆయన అటు తిరిగాక. ఒకసారి ఊదడం మొదలుపెడితే టీ చల్లారినా ఆపడు గనక ఆ పేరు స్థిరపడిపోయింది. ఆయన తమ్ముడి భార్య అదే ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టు. టీ విరామం గంట కొట్టగానే ఆమె రెండు లారీల సందులోంచి పరుగులాంటి నడకతో రోడ్డు దాటి వచ్చింది. వచ్చి, బావగారి చేతిలో కాగితం చూసి అక్కడే ఆగిపోయింది.

ఆ కాగితం పొద్దున టైపు కొట్టింది ఆమే. మేనేజరుగారికి మామూలు ఇంగ్లీషు నోటికి రుచించదు. ఉత్తరానికొక్కటైనా ఎవరూ ఎరగని మాట పడాలి. అందుకే ఆమె సొరుగులో డిక్షనరీ ఎప్పుడూ ఉంటుంది. పొద్దున పడ్డ మాటకి అర్థం వెతుక్కుని, పైన ఎవరి పేరు కొట్టిందో మళ్లీ చూసుకుని, ఆమె డిక్షనరీ ఇంకోసారి తెరిచింది. సాయంత్రం నాలుగింటికల్లా సంజాయిషీ ఇవ్వాలి. ఇవ్వకపోతే రేపటినుంచి గేటుకి రానక్కర్లేదు.

"బావగారూ, ఒక్క మాట," అంది.

"ఉండమ్మాయ్, మంచి పట్టులో ఉన్నాను. కూర్చో," అని ఆయన కాగితం ఎత్తిపట్టుకున్నాడు. "చూడండర్రా. ఏ, ఆర్, ఆర్, ఓ. ఏమైంది? ఆరో. ఆ పక్కన జీ, ఏ, టీ, ఈ. ఇది నాకు చెప్పాలా? పదహారేళ్లుగా నా నెత్తిమీద బోర్డులో ఉన్న మాటే. గేటు! ఆరో గేటు. ఆ తర్వాత, టు యువర్‌సెల్ఫ్. అంటే నీకే. ఆ కింద చూడండి, పవర్స్! ఆరో గేటు నీకే, పవర్లతో సహా."

ఎదురు బల్ల మీద కూర్చున్న ఫ్యాక్టరీ ఫిట్టరు గ్లాసు కింద పెట్టాడు. "మనకున్నవే అయిదు కదా బాబాయ్?"

"అదే మరి! ఉన్న గేటు ఎవరికైనా ఇస్తారు. లేని గేటు ఇస్తున్నారంటే మనిషి ఎలాంటివాడై ఉండాలి? పైగా నాలుగింటికల్లా ఎక్స్‌ప్లెయిన్ చెయ్యమన్నారు. అంటే వివరించమని. అందుకే పని మానుకుని మీ అందరికీ వివరిస్తున్నాను."

టైపిస్టు పక్క బల్ల మీద కూర్చుంది. ఇంటికి పెద్ద బావగారు. ఆయన మాటకి ఎదురు చెప్పిన రోజు లేదు. అందులోనూ నలుగురిలో. ఫ్యాక్టరీ గోడ మీది గడియారం మూడు దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది.

"ఎందుకిచ్చారంటారా? మొన్న బుధవారం సంగతి," అని ఆయన మొదలెట్టాడు. "సబ్బు ఉడికించే గదిలో కాస్టిక్ నీళ్లు చిమ్మి ఒకతని చెయ్యి కాలింది కదా. పాపం, నా గేటు దగ్గరికే పరిగెత్తుకొచ్చాడు. చూస్తే గేటు బిగుసుకుపోయి ఉంది. నేనేం చేశాను? పెద్ద పనేం కాదు. ఒక్క తోపు తోశాను."

"గునపం పెట్టి కీలు ఊడదీసింది నేను," అన్నాడు ఫిట్టరు.

"గునపం నువ్వు పట్టుకున్నావు, కాదనను. అది ఎటు వెళ్లాలో దానికి కళ్లతో చెప్పిందెవరు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా తోపుకి గేటు పైకి లేచింది. లేచింది లేచినట్టే పోయింది. మధ్యాహ్నం దాకా కిందికి రాలేదు."

"మరి అదిగో, అక్కడే ఉందిగా?"

"సాయంత్రానికి దిగింది. దిగి, తన చోట్లో తనే కూర్చుంది. నేనంటే దానికి ఆ మాత్రం భయం ఉంది."

టీకొట్టు పిన్ని పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరిగింది. "అతని చేతి మీద నా డ్రమ్ములో నీళ్లన్నీ పోశాను. అడుగు కనబడేదాకా పోశాను. ఆ పూటంతా కొట్టు మూతపడింది."

"పిన్నీ, నీ డ్రమ్ము ఏ మూలకి? నువ్వు పోస్తూనే ఉన్నావు, నీళ్లు అయిపోవడం లేదు, ఎందుకనుకున్నావు? ఊళ్లో కుళాయిలన్నిటికీ నేనొక్క కేక పెట్టాను. గొట్టాల్లో పోయే నీళ్లన్నీ వెనక్కి తిరిగి నీ డ్రమ్ములోకే వచ్చాయి. ఆ రోజు ఊరంతా కుళాయిలు ఎండిపోయాయి. గుర్తులేదూ?"

"అవి రోజూ ఎండే ఉంటాయిగా," అన్నాడు లారీ డ్రైవరు.

"రోజూ ఎందుకు ఎండుతున్నాయంటావ్? ఆ కేక ఇంకా వాటి చెవుల్లోనే ఉంది. సరే, ఇక అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లిన లారీ సంగతి. అది..."

"అది నేను నడిపాను బాబాయ్. సందుల్లో పడి, హారన్ మీద చెయ్యి తియ్యకుండా నడిపాను."

"నువ్వు స్టీరింగు పట్టుకుని కూర్చున్నావు. అది వేరు, నడపడం వేరు. లారీ వెనకాల నిలబడి నేనొక్క ఊపు ఊదాను. దాంతో అది ఎలా వెళ్లిందంటే, బయల్దేరకముందే చేరిపోయింది! డాక్టరు కట్టు కట్టేసి, ఇంతకీ చెయ్యి ఎప్పుడొస్తుందా అని గుమ్మంలో నిలబడి చూస్తున్నాడట. ఆ కట్టు విప్పి చూడండి. లోపల పాత చెయ్యి ఉండదు. కొత్తది. ఇదివరకు ఆ చేత్తో రోజుకి వంద సబ్బులు కోసేవాడు. ఇప్పుడు ఊరికే చూపిస్తే చాలు, సబ్బులు భయపడి వాటంతటవే ముక్కలవుతాయి."

ఫిట్టరు పొలమారి దగ్గాడు. డ్రైవరు అతని వీపు తడుతూ, "ఇంతకీ ఆ ఆరో గేటు ఎలా ఉంటుంది బాబాయ్?" అని ఇంకాస్త ఎగదోశాడు.

"ఎలా ఉంటుందా? పై గొళ్లెం వెయ్యడానికి సోమవారం నిచ్చెన ఎక్కితే శనివారానికి దిగుతాను. మధ్యలో భోజనం పైకి పంపించాలి. గాలైనా, వానైనా నా చీటీ లేకుండా లోపలికి రావడానికి వీల్లేదు. ఇక పొద్దున సూర్యుడున్నాడే, ఆయనా ఆ గేటు ముందు వరసలో నిలబడాల్సిందే. నా సంతకం పడలేదా, ఆ రోజు తెల్లారదు!"

అక్కడితో ఆపి ఉంటే ఏమయ్యేదో. ఊపులో ఉన్న మనిషి పక్కకి తిరిగి మరదలి వైపు చెయ్యి చూపించాడు.

"ఈ అమ్మాయికి ఉద్యోగం ఎలా వచ్చిందనుకున్నారు? టైపు పరీక్ష రోజున కిటికీ అవతల నిలబడి అక్షరాలన్నీ నేనే కొట్టాను. మనసులో. తన వేళ్లు ఊరికే కదిలాయంతే."

ఆ పరీక్షకి ఆమె ఆరు నెలలు కూర్చుంది. వంట అయ్యాక, గిన్నెలు కడిగాక, అరువు మిషను మీద, చిటికెనవేలు వాచేదాకా. ఇంతసేపూ బిగపట్టుకున్న భయం, మొహమాటం, రెండూ ఒక్కసారే పక్కకి తప్పుకున్నాయి.

"బావగారూ," అంది నెమ్మదిగా, "ఆ కాగితం కూడా మీరే కొట్టి ఉండాలి మరి. నా వేళ్లకి తెలిసినంతవరకూ అందులో గేటన్నదే లేదు."

"ఇదిగో, కనిపిస్తుంటే..."

"ఆరోకి, గేటుకి మధ్య ఖాళీ ఉందేమో చూడండి."

ఆయన కాగితం కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరంగా పెట్టాడు. "ఖాళీ కొట్టడం నువ్వు మర్చిపోయావేమో."

"మర్చిపోలేదు. అది ఒకటే మాట, అరొగేట్. అరుదుగా వాడతారు. తనది కాని అధికారమో, హక్కో, పేరో, ఎవరూ ఇవ్వకుండానే తనదని వేసుకోవడం. చెంబు ఎత్తుకుపోతే దొంగతనం అంటాం కదా, పెత్తనం ఎత్తుకుపోతే ఈ మాట అంటారు. పొగరుకి ఇంగ్లీషులో అరొగెన్స్ అంటారే, ఆ మాటా, ఇదీ అక్కచెల్లెళ్లు. ఎవరికి వేసుకున్నారో చెప్పడానికి పక్కన 'తనకు తాను' అని వస్తుంది. మీరు నీకే అని చదివింది అదే. నీది కాని పవర్లు నీకు నువ్వే ఎందుకు వేసుకున్నావు అని అడుగుతున్నారు మేనేజరుగారు."

ముందుగా ఫిట్టరుకి వెలిగింది.

"అమ్మా, అంటే... నా గునపం బాబాయి తన ఖాతాలో వేసుకున్నాడే, దాన్ని కూడా ఆ మాటే అనొచ్చా?"

"అనొచ్చు. ఆ పేరు తనకు తాను వేసుకున్నారు."

"నా డ్రమ్మో?" అంది పిన్ని.

"అదీ అంతే."

"నా లారీ!" అని డ్రైవరు బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. ఇక ఎవరూ నవ్వు పట్టలేకపోయారు. పిన్ని గరిటె వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫిట్టరు కడుపు పట్టుకుని బల్ల చివరికి జారిపోయాడు. బావగారు కాలు మీది కాలు తీసి కింద పెట్టాడు. పెట్టాక మనిషి సగానికి సగం తగ్గినట్టు కనిపించాడు.

"నాలుగింటికల్లా సంజాయిషీ ఇవ్వకపోతే పని పోతుంది," అంది ఆమె. నవ్వులు ఆగిపోయాయి.

"ఎక్స్‌ప్లెయిన్ అంటే అదా?" ఆయన గడియారం చూశాడు. మూడున్నర కావస్తోంది. "అమ్మాయ్, ఆ రోజు లారీని బయటికి వదిలిన చీటీ మీద సంతకం నాది కాదని రాసెయ్. ఎవరో పెట్టారని రాసెయ్."

"మీరు చెప్పిన కథలో వీళ్లందరి పనీ ఉంది బావగారూ. మీరు చేసింది ఒక్కటీ లేదు. చేసింది ఒకటే, అది ఇప్పుడు వద్దంటున్నారు. అసలెందుకు పెట్టారు సంతకం?"

ఆయన చేతులు రుద్దుకున్నాడు. "ఆఫీసరు సంతకం లేకుండా లారీ కదలకూడదు. ఆఫీసరు జుట్టు కత్తిరించుకోడానికి వెళ్లాడు. చెయ్యి కాలినతనేమో అరవనైనా అరవలేదమ్మా. చెయ్యి అలా ముందుకు చాపుకుని చూసుకుంటూ నిలబడ్డాడు, ఎవరిదో చెయ్యి అయినట్టు. చీటీ పుస్తకం నా దగ్గరుంది. ఆఫీసరు అని రాసి ఉన్న చోట నేను పెట్టాను. చెయ్యి వణికి వంకరగా పడింది." ఆగి, "అంతే," అన్నాడు.

డ్రైవరు లారీలోంచి అట్ట తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు, కాగితం కింద ఎత్తుకి. ఆమె రాసింది. గేటు తీసింది ఫిట్టరు, నీళ్లు పోసింది టీకొట్టావిడ, లారీ నడిపింది డ్రైవరు, సంతకం పెట్టింది నేను. అడుగుదామంటే ఆఫీసరు లేరు, ఆగితే చెయ్యి ఉండేది కాదు. కింద ముగ్గురూ సాక్షి సంతకాలు చేశారు. ఆఖరున ఆయన చేశాడు.

"వణికిందని రాయలేదు కదా?" అని చిన్నగా అడిగాడు.

"రాయలేదు."

నాలుగుకి పది నిమిషాలుండగా ఇద్దరూ మేనేజరుగారి గదిలోకి వెళ్లారు. ఆమె మిషను ముందు కూర్చుంది. ఆయన టోపీ రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. మేనేజరుగారు కాగితం రెండుసార్లు చదివారు. "ఇందులో మీరు చేసింది ఇంతేనా?" అన్నారు. "ఇంతేనండీ," అన్నాడు ఆయన. ఇంకొక్క ముక్క కలపలేదు. ఇకమీదట ఇలాంటిది జరిగితే ముందు నాకు ఫోను చెయ్యండి అని గట్టిగా మందలించి, ఆఫీసరు బయటికి వెళ్లినప్పుడు సంతకానికి ఒకర్ని నియమించి వెళ్లాలని ఆమె చేత అక్కడికక్కడే ఉత్తర్వు కొట్టించి, ఆయన్ని పంపించేశారు.

అయిదింటికి ఆమె బయటికొచ్చేసరికి బల్ల మీద ఆయన, చుట్టూ ఆ ముగ్గురూ ఉన్నారు. ఎవరి మొహమూ బాగా లేదు.

"అడుగుతుంటే చెప్పడే," అంది పిన్ని. "మందలించారు, పంపారు అంటాడు. అంతేనా అంటే అంతే అంటాడు."

"అంతే పిన్నీ," అన్నాడు ఆయన టీ గ్లాసులోకి చూస్తూ.

"అంతే ఎలా అవుతుంది బాబాయ్?" డ్రైవరుకి ఊపిరాడనట్టుంది. "నువ్వు వెళ్లగానే మేనేజరుగారు ఏం చేశారు? కనీసం కుర్చీలోంచి లేవలేదూ?"

"అదేం లేదురా. ఊరుకో."

"లేచే ఉంటారు," అన్నాడు ఫిట్టరు పట్టుదలగా. "ఇలాంటి మనిషి ఎదురుగా నిలబడితే ఎవరైనా లేస్తారు." అందరూ టైపిస్టు వైపు తిరిగారు. "నువ్వక్కడే ఉన్నావు కదమ్మా, లేచారా లేదా?"

బావగారు తలెత్తలేదు గానీ, గ్లాసు మాత్రం దారిలో ఆగిపోయింది.

"లేచారు," అంది ఆమె. "నా కళ్లారా చూశాను."

మేనేజరుగారు లేచిన మాట నిజం. రోడ్డు మీది దుమ్ము లోపలికి కొడుతుంటే కిటికీ వేసుకోడానికి లేచారు. ఆ కిటికీ సంగతి ఆమె ఎత్తలేదు.